సున్నా దాటితే డ్యూటీ లేదు: రేణిగుంట ఏప్రాన్ మీద మద్యం, మత్తు పరీక్షలు

రేణిగుంట విమానాశ్రయంలో తెల్లవారుజాము షిఫ్టుకని తిరుపతి నుంచి బైకు మీద బయల్దేరిన, విమానాన్ని నెట్టే టగ్ బండి డ్రైవరును దారిలో పోలీసులు ఆపి ఊదించారనుకుందాం. మిషను 25 చూపించింది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితేనే నేరం. కాబట్టి పొమ్మన్నారు. అరగంటకు విమానాశ్రయంలో ఆ రోజు ఊదాల్సినవాళ్ల రాండమ్ జాబితాలో ఆయన పేరే వచ్చింది. మళ్లీ ఊదాడు. ఈసారి మిషను మీద 0.017. అంటే 100 మిల్లీలీటర్లకు 17 మిల్లీగ్రాములు. రోడ్డు మీద చూపించిన దానికన్నా తక్కువే. అయినా ఆయన్ని అక్కడికక్కడే డ్యూటీ నుంచి దించేస్తారు. విమానయానంలో చెల్లే అంకె ఒక్కటే, 0.000.

రోడ్డు లెక్కను ఏప్రాన్ మీదికి, అంటే విమానాలు ఆగే చోటికి, మోసుకురావడం సిబ్బంది తరచూ చేసే మొదటి పొరపాటు. రెండోది, మద్యం పరీక్షనూ మత్తుపదార్థాల పరీక్షనూ ఒకే గాటన కట్టడం. మొదటిది ఈ క్షణంలో ఒంట్లో ఏముందో చెబుతుంది. రెండోది గడిచిన రోజుల్లో ఏం తీసుకున్నారో చెబుతుంది. నియమాలు, శిక్షలు, ఎంపిక పద్ధతి అన్నీ ఈ తేడా నుంచే పుట్టాయి.

పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ ఈ తంతు పాతదే. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 24వ నియమం విమానం బయల్దేరడానికి 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టరాదంటుంది. నేల మీద పనిచేసేవాళ్ల కోసం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2019 సెప్టెంబరులో వేరే నిబంధన తెచ్చింది. విమానాల మరమ్మతు సిబ్బంది, విమాన రాకపోకలను నియంత్రించే ఏటీసీ అధికారులు, ఏప్రాన్ మీద వాహనాలు నడిపేవాళ్లు, ఇంధనం నింపేవాళ్లు, విమానానికి దారి చూపే మార్షలర్లు, ఏరోబ్రిడ్జి ఆపరేటర్లు, ఫైర్ సిబ్బంది అందరూ దాని కిందికి వచ్చారు. సంస్థ ఏ రోజుకారోజు తన సిబ్బందిలో కనీసం 10 శాతం మందిని రాండమ్‌గా ఎంచి ఊదించాలి.

నేల మీద ఉన్నవాడు కాస్త తాగితే ఏమవుతుందన్న ప్రశ్న ఇప్పటికీ వినబడుతుంది. ఏటీఆర్-72 విమానం ప్రొపెల్లరు వ్యాసం దాదాపు 4 మీటర్లు. తిరుగుతున్నప్పుడు అది కంటికి ఆనదు, పొగ తెరలా కనబడుతుంది. దాని పక్కగానే చక్రాలు కదలకుండా అడ్డుపెట్టే చాక్స్ పెట్టాలి, కోన్లు పెట్టాలి. అక్కడ కావాల్సిన, దూరాన్ని అంచనా కట్టే శక్తిని మద్యం దెబ్బతీస్తుంది. విమానాన్ని వెనక్కి నెట్టే పుష్‌బ్యాక్‌లో ఎ320 లాంటి విమానం బరువు 70 టన్నులు దాటొచ్చు. టగ్ డ్రైవరు విమానాన్ని టగ్‌కు కలిపే కడ్డీ, టో బార్‌ను అర సెకను ఆలస్యంగా తిప్పితే ముందు చక్రం మలుపు పరిమితి దాటుతుంది. సామాను ఎక్కించే బెల్ట్ లోడరు విమానం ఒంటికి తగిలి సొట్టపడటం అంతకన్నా మామూలు ప్రమాదం. తగిలిందని వెంటనే చెబితే ఇంజనీరు వచ్చి చూస్తాడు. తాగి ఉన్నవాడు చెప్పడు. తగలడం కన్నా ఆ దాచడమే ప్రమాదం, ఆ సొట్టతోనే విమానం పైకి లేస్తుంది.

క్వార్టరు లెక్క

12 గంటలు అన్న అంకెను చాలామంది భద్రతా ముద్రలా చూస్తారు. లెక్క వేస్తే అది ఎంత పలుచనిదో తెలుస్తుంది. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీలో మద్యం 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో అచ్చమైన మద్యం 77 మిల్లీలీటర్లు, బరువులో 61 గ్రాములు. 70 కిలోల మగమనిషి దీన్ని తాగితే రక్తంలో సుమారు 0.13 శాతం దాకా ఎక్కుతుంది. సగటు కాలేయం గంటకు 0.015 చొప్పున తగ్గిస్తుంది. రాత్రి 9కి గ్లాసు కింద పెడితే మిషను సున్నా చూపించేది తెల్లవారి ఐదున్నర, ఆరు మధ్య. నాలుగున్నరకు షిఫ్టు ఎక్కాల్సినవాడు ఆ లెక్కలోనే చిక్కుతాడు.

అదే రెండు క్వార్టర్లయితే 0.26 దాకా పోతుంది. దిగిరావడానికి 17 గంటలు పడుతుంది. 12 గంటలు పూర్తయిన మర్నాడు ఉదయం 9 గంటలకు కూడా ఒంట్లో సుమారు 0.08 మిగిలే ఉంటుంది. రోడ్డు పరిమితికి అది రెండున్నర రెట్ల పైమాటే. పైగా ఇది సగటు మనిషి లెక్క. కొందరిలో కాలేయం గంటకు 0.010 మాత్రమే తగ్గిస్తుంది. వాళ్లకు ఒక్క క్వార్టరే 13 గంటలు తింటుంది. ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే బరువున్న ఆడవాళ్లలో అదే మోతాదుకు అంకె ఇంకాస్త పైనే ఉంటుంది.

మజ్జిగలో నిమ్మకాయ పిండుకుని తాగినా, చన్నీళ్లు గుమ్మరించుకున్నా, స్ట్రాంగ్ కాఫీ తాగినా గంటకు 0.015 అన్న వేగం మారదు. కాఫీ తాగినవాడు మెలకువగా ఉన్న తాగుబోతు అవుతాడు, అంతే. తాగేముందు కడుపు నిండా సంగటి తింటే మద్యం రక్తంలోకి ఎక్కడం నెమ్మదిస్తుంది. అది పైఅంచును కొంత తగ్గిస్తుంది గానీ మింగిన సరుకును మాయం చేయదు. మే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర రోజుల్లో రోస్టరు వేసేవాళ్లకు ఈ గణితం తెలిసి ఉండాలి. జాతర మర్నాటి తెల్లవారుజాము షిఫ్టును ముందే అడిగి, ఎవరి వీలు చూసి వాళ్లకు వేయడం ఊదించి పట్టుకోవడం కన్నా చవక.

మిషను సున్నా చూపించినంత మాత్రాన మనిషి పూర్తిగా కోలుకున్నట్టు కాదు. లోపలి చెవిలో సమతూకం చూసే అర్ధవృత్తపు గొట్టాల్లో ఒక ద్రవం, దానిలో క్యుపులా అనే జిగురు రెప్ప ఉంటాయి. రెండింటి సాంద్రత మామూలుగా ఒకటే. మద్యం క్యుపులాలోకి ముందు ఎక్కుతుంది, ద్రవంలోకి తర్వాత. ఆ తేడా వల్లే పడుకుంటే మంచం తిరుగుతుంది. దిగేటప్పుడూ అంతే, క్యుపులా నుంచి ముందు పోతుంది, ద్రవం నుంచి ఆలస్యంగా పోతుంది. రక్తంలో సున్నా అయిన గంటల తర్వాత కూడా తల అటూ ఇటూ తిప్పితే కళ్లు వణకడానికి ఇదే కారణం. రాత్రిపూట మబ్బులో విమానం తిప్పే పైలట్‌కు ఇది చిన్న విషయం కాదు. ఏ గొట్టంలో ఊదించినా ఇది బయటపడదు.

గొట్టంలో జరిగేది

విమానాశ్రయాల్లో వాడేది ఫ్యూయల్ సెల్ రకం బ్రెత్ అనలైజరు. లోపల రెండు ప్లాటినం పొరల మధ్య ఆమ్లంతో తడిసిన పలక ఉంటుంది. శ్వాసలోని మద్యం ప్లాటినం మీద ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది, అంటే మన వెనిగరులోని ఆమ్లమే. ఆ మార్పులో ఎలక్ట్రాన్లు విడుదలై కరెంటు పుడుతుంది. మద్యం ఎంతుంటే కరెంటు అంత. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెమీకండక్టరు మిషన్లు అలా కాదు. షుగరు ఎక్కువైనవారి శ్వాసలోని ఎసిటోన్‌కూ, సెంటుకూ, సిగరెట్ పొగకూ స్పందిస్తాయి. వాటితో ఇంట్లో ఊదుకుని, సున్నా వచ్చిందన్న ధీమాతో డ్యూటీకి రావడం తెలివైన పని కాదు. వాటిలో చాలా రకాలు రెండు దశాంశాల వరకే చూపిస్తాయి. 0.004 అక్కడ 0.00గా కనబడుతుంది, విమానాశ్రయం మిషను మీద మాత్రం 0.004గానే వస్తుంది.

ఊదడంలోనూ పద్ధతి ఉంది. బుగ్గల్లోని గాలి పనికిరాదు, ఊపిరితిత్తుల అడుగు గాలి కావాలి. అందుకే నాలుగైదు సెకన్ల పాటు ఆపకుండా, ఒకే ఒత్తిడితో, లీటరుకు పైగా గాలి పోయేలా ఊదిస్తారు. మిషను చివర్లో వచ్చే కొద్దిపాటి గాలినే లోపలికి లాక్కుంటుంది. కొసరు కొసరుగా ఊదితే తప్పు చూపించి మళ్లీ అడుగుతుంది. పదేపదే అలా చేస్తే అది మిషను లోపం కాదనీ, మనిషి తప్పించుకుంటున్నాడనీ ఊదించేవాళ్లకు తెలుసు. ప్రతి మనిషికీ కొత్త మౌత్‌పీస్ వేయాలి. ముందు ఖాళీ గాలిని పరీక్షించి 0.000 వచ్చాకే మనిషి చేతికివ్వాలి.

ఇక్కడి వాతావరణం గురించి ఒక మాట. ఈ మిషన్లు పనిచేసే ఉష్ణోగ్రతకు తయారీదారులు సాధారణంగా పెట్టే పైహద్దు 40 డిగ్రీల చుట్టుపక్కల. రేణిగుంటలో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే అంతకు మించుతుంది, జీపు డ్యాష్‌బోర్డు మీద అయితే చెప్పనే అక్కర్లేదు. మిషనును ఏసీ గదిలో పెట్టి, మనుషులను అక్కడికి పిలవాలి. మిషను పట్టుకుని ఏప్రాన్ మీద తిరిగితే ఫ్యూయల్ సెల్ ఎండిపోయి అంకె తక్కువ చూపించడం మొదలెడుతుంది. తక్కువ చూపించే మిషను మీద ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి ఆ లోపం మిషనును సరిచూసే కాలిబ్రేషన్ దాకా బయటపడదు.

అరిష్టం, సానిటైజరు, మౌత్‌వాష్

తాగని మనిషికి అంకె రావడం జరుగుతుంది, కారణం దాదాపు ఎప్పుడూ నోరే. మద్యం కలిసిన మౌత్‌వాష్ పుక్కిలించాక తొలి నిమిషాల్లో ఊదితే మిషను పచ్చి తాగుబోతు అంకె చూపిస్తుంది. అది రక్తంలోది కాదు, చిగుళ్ల మీద తడిది. 15 నిమిషాల్లో ఆవిరైపోతుంది. డీజీసీఏ 2023 నవంబరు నాటి సవరణలో మద్యం ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి విమాన సిబ్బంది వాడకూడదని రాసింది. ముసాయిదాలో సెంటు ప్రస్తావన కూడా ఉండి కొంత నవ్వుల పాలైంది, తుది పాఠంలో అది లేదు. మందులు వాడేవాళ్లు ముందుగా కంపెనీ డాక్టరును అడగాలన్నది మాత్రం నిలిచింది.

తిరుపతిలో ఆ చివరి మాటకు బరువు ఎక్కువ. ఆయుర్వేద కళాశాల ఉన్న ఊరు, ఇంటింటా ఏదో ఒక అరిష్టం సీసా కనబడుతుంది. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం పులియబెట్టి చేసే మందులు. వాటిలో పుట్టే మద్యం సాధారణంగా 5 నుంచి 10 శాతం. 8 శాతం ఉన్న అరిష్టం 30 మిల్లీలీటర్లు తాగితే లోపలికి పోయే మద్యం 2 గ్రాముల లోపే. మత్తు మాట అటుంచితే, రక్తంలో 0.004 దాకా వస్తుంది. రోడ్డు మీద ఈ అంకెను ఎవరూ పట్టించుకోరు. మూడు దశాంశాలు చూపే మిషను ముందు, సున్నా హద్దు దగ్గర ఇదీ పాజిటివే. అరగంటలో అది ఒంట్లోంచి పోతుంది కాబట్టి భయపడాల్సింది మందు గురించి కాదు, డ్యూటీ ఎక్కేముందు గుక్కెడు తాగే అలవాటు గురించి. రాత్రి పడుకునేముందు మోతాదు మార్చుకుంటే గొడవే ఉండదు. హోమియో మదర్ టించర్లలో మద్యం పాలు ఇంకా ఎక్కువ. కొన్ని దగ్గు సిరప్‌లలోనూ ఉంటుంది, సీసా వెనక చీటీ చదివితే తెలుస్తుంది.

సానిటైజరుది ఇంకో దారి. చేతులు రుద్దుకుని, తడి ఆరకముందే మౌత్‌పీస్ పట్టుకుని ఊదితే ఆవిరి గాలితో పాటు లోపలికి పోతుంది. సానిటైజరులోని ఐసోప్రొపనాల్‌కు కూడా ఫ్యూయల్ సెల్ స్పందిస్తుంది. ఊదించే పారామెడిక్ తన చేతులకు రాసుకుని మౌత్‌పీస్ తొడిగినా ఇదే ఫలితం. పరీక్ష గదిలో సబ్బు, నీళ్లు పెట్టి సానిటైజరు సీసా తీసేస్తే సగం వివాదాలు పుట్టవు.

మొదటి అంకె పాజిటివ్ వస్తే అక్కడితో కథ ముగియదు. 15 నుంచి 20 నిమిషాలు ఆపాలి. ఆ లోపల ముఖం కడుక్కోవచ్చు, నోరు పుక్కిలించవచ్చు. రెండోసారి ఊదించేముందు మిషను సరిగ్గా ఉందో లేదో కంట్రోల్ టెస్టు చేయాలి. సాక్షి ఎదుట ఊదించాలి. రెండు అంకెలూ రాసి ప్రింటు తీయాలి. న్యాయం ఎక్కడుందీ అంటే ఈ 20 నిమిషాల్లోనే ఉంది. మొదటి అంకె 0.040, రెండోది 0.000 అయితే నోటి తడి అని తేలుతుంది. 0.040 తర్వాత 0.036 వస్తే అది రక్తం లెక్క. విమానం బయల్దేరే వేళ అయిందని ఏడు నిమిషాలకే రెండో పరీక్ష ముగిస్తే నోటి మద్యం ఇంకా మిగిలే ఉంటుంది, ఆ మనిషి చేతిలో వాదన కూడా మిగులుతుంది. ఆ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు.

సున్నా హద్దు వల్ల ఒక మేలుంది. హద్దు 30 అయినచోట కోర్టులో వాదించడానికి బోలెడుంది. శ్వాసనూ రక్తాన్నీ కలిపే 2100కు 1 అనే నిష్పత్తి మనిషిమనిషికీ మారుతుంది, జ్వరం ఉంటే అంకె కొంచెం పెరుగుతుంది, 31కీ 29కీ మధ్య జీవితం తేలుతుంది. సున్నా దగ్గర ఈ గుణకాలేవీ అక్కరకు రావు. సున్నాను దేనితో హెచ్చవేసినా సున్నానే. మిగిలే వాదనలు రెండే: నోట్లో ఏదైనా ఉందా, మిషను సున్నా దగ్గర నిలబడిందా. రెండింటికీ జవాబు పైన చెప్పిన 20 నిమిషాల్లోనే దొరుకుతుంది.

చీటీ ఎవరు తీస్తారు

పెద్ద విమానాశ్రయంలో షిఫ్టుకు వందల మంది. చిన్న స్టేషనులో ఒక్కో సంస్థకు షిఫ్టుకు పదిమంది ఉంటే గొప్ప. 18 మంది ఉంటే 10 శాతం అంటే ఇద్దరు. ఏడుగురుంటే ఒకరు. గణితం ప్రకారం ఈ పద్ధతి గట్టిదే. రోజుకు పదిలో ఒక వంతు చొప్పున ఎవరి పేరైనా రావచ్చు కాబట్టి పది డ్యూటీలు పట్టుబడకుండా గడిచే అవకాశం 35 శాతం, నెలకు 26 డ్యూటీలు అలా గడిచే అవకాశం 6 శాతం చిల్లర. రోజూ తాగి వచ్చేవాడు నెల తిరిగేలోపు దొరకాలి.

దొరకడం లేదంటే లోపం మిషనులో ఉండదు, చీటీలో ఉంటుంది. నిన్న ఊదినవాణ్ణి ఇవాళ వదిలేయడం చిన్న చోట్ల సహజంగా కనబడే తప్పు. అందరికీ సమానంగా రావాలన్న సదుద్దేశమే కావచ్చు. కానీ అలా వంతులవారీగా తిప్పితే, నిన్న ఊదినవాడికి వారం రోజుల సెలవు పత్రం చేతికిచ్చినట్టు. ఏ రోజు చీటీ ఆ రోజుది, పేర్లన్నీ మళ్లీ డబ్బాలో పడాలి. రెండోది, ఎంపికైనవాడు వారాంతపు సెలవులో ఉంటే ఎదురుగా కనబడినవాణ్ణి ఊదించడం. ఆ కనబడేవాడు ఎప్పుడూ తాగనివాడే అయి ఉంటాడు. ఆ రోజు రోస్టరులో ఉన్నవాళ్ల నుంచే తీయాలి. మూడోది వాట్సాప్. పేర్లు రాత్రే గ్రూపులో పడితే పొద్దున్నకు ఒకరికి కడుపునొప్పి వస్తుంది. పరీక్ష వేళ మారుతూ ఉండాలి. కొన్నిసార్లు షిఫ్టు మధ్యలో కూడా జరగాలి, ఎందుకంటే డ్యూటీ ఎక్కాక తాగేవాడూ ఉంటాడు.

ఊదనన్నా, విమానాశ్రయం వదిలి జారుకున్నా పాజిటివ్ వచ్చినట్టే లెక్క. మొదటిసారికి లైసెన్సు లేదా అనుమతి 3 నెలలు సస్పెండవుతుంది. పైలట్లకూ మొదటిసారి 3 నెలలే, రెండోసారి 3 ఏళ్లు, మూడోసారి లైసెన్సు రద్దు. కాగితం మీద శిక్ష ఒకటే అయినా బరువు ఒకటి కాదు. కాంట్రాక్టు మీద పనిచేసే లోడరుకు 3 నెలలంటే చాలాసార్లు ఆ ఉద్యోగం పోయినట్టే. రాత్రి ఎక్కువైందని ముందే ఫోను చేసి డ్యూటీ మానుకునేవాణ్ణి తిట్టి, జీతం కోసే సూపర్‌వైజరు తనకు తెలియకుండానే తాగినవాణ్ణి ఏప్రాన్ మీదికి పిలుస్తున్నాడు.

మూత్రం చెప్పే కథ

మత్తుపదార్థాల పరీక్షకు డీజీసీఏ నిబంధన 2021 సెప్టెంబరులో వచ్చి 2022 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చింది. వెతికేవి ఆరు వర్గాలు: యాంఫెటమిన్ రకాలు, ఓపియేట్లు (నల్లమందు రకాలు), గంజాయి, కొకైన్, బార్బిచురేట్లు, బెంజోడయాజెపిన్లు (ఈ రెండూ నిద్రమాత్రల రకాలు). ఉద్యోగంలో చేర్చుకునేముందు, శిక్షణలో చేర్చుకునేముందు పరీక్ష చేయాలి. ఆపైన విమాన సిబ్బందిలో, ఏటీసీ అధికారుల్లో ఏటా కనీసం 10 శాతం మందికి రాండమ్‌గా చేయాలి.

ఇక్కడా 10 శాతమే, కానీ అది ఏడాదికి. రోజుకు 10 శాతానికీ ఏడాదికి 10 శాతానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఈ లెక్కన ఐదేళ్లు ఒక్కసారి కూడా పేరు రాకుండా గడిపే అవకాశం 59 శాతం. ఈ పరీక్ష ఎక్కువమందిని పట్టుకోవడానికి కాదు, భయం నాటడానికి. ఆ భయానికి బలం, మత్తు మూత్రంలో నిలిచే కాలం. మద్యం మర్నాటికి పోతుంది. గంజాయి ఒకసారి తాగితే ఒకటి నుంచి మూడు రోజులు, రోజూ తాగేవాడికి నెల దాకా నిలుస్తుంది, కొవ్వులో దాక్కుని కొద్దికొద్దిగా కారుతుంది. కొకైన్, యాంఫెటమిన్, ఓపియేట్లు రెండు నుంచి నాలుగు రోజులు. పాతరకం నిద్రమాత్ర డయాజెపామ్ చాలాకాలం వాడితే వారాల తరబడి కనబడుతుంది. అందుకే మూత్రంలో గంజాయి తేలినంత మాత్రాన డ్యూటీలో మత్తులో ఉన్నాడని అర్థం కాదు. పోయిన వారం సెలవులో తాగినా తేలవచ్చు. నియమం పట్టించుకునేది వాడకాన్నే, మత్తును కాదు. మొదటిసారి పాజిటివ్ వస్తే నేరుగా లైసెన్సు మీద వేటు వేయకుండా వ్యసన విముక్తి చికిత్సకు పంపడం వెనక కూడా ఈ ఆలోచనే ఉందనిపిస్తుంది. చికిత్స తర్వాత పరీక్షలో నెగటివ్ వచ్చి, వైద్యాధికారి ఫిట్ అని రాసిస్తే మళ్లీ డ్యూటీ. రెండోసారికి 3 ఏళ్ల సస్పెన్షన్, మూడోసారికి రద్దు.

తొలి పరీక్ష స్ట్రిప్‌తో. ఇక్కడ కొత్తవాళ్లు తలకిందులుగా చదువుతారు. గీత కనబడితే మత్తు ఉన్నట్టు అనుకుంటారు, నిజానికి గీత వస్తే నెగటివ్. మూత్రంలోని మత్తు, స్ట్రిప్ మీద పూసిన మత్తు రెండూ ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి. మూత్రంలో సరుకు ఎక్కువుంటే యాంటీబాడీలన్నీ దానికే అంటుకుపోయి గీత పడదు. గీత మసకగా పడినా నెగటివే. గీత లేకపోతే దాన్ని పాజిటివ్ అనరు, నాన్-నెగటివ్ అంటారు. మాటల గారడీ కాదిది. యాంటీబాడీ రూపాన్ని చూసి మోసపోతుంది, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్‌ను యాంఫెటమిన్ అనుకోగలదు. ఆ నమూనాను ల్యాబులో చూసే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్ష మాత్రం అణువు బరువునూ, అది విరిగే తీరునూ చూస్తుంది, అందుకని తుది మాట దానిదే. అది వచ్చేదాకా మనిషిని డ్యూటీ నుంచి తప్పించి ఉంచుతారు. ఆ రోజుల్లో ఆయన్ని దోషి అని పిలిచే హక్కు ఎవరికీ లేదు.

నమూనా తీసుకునే తీరు అమెరికా రవాణా శాఖ నియమాల్లో చాలా వివరంగా ఉంటుంది. జేబులు ఖాళీ చేయించి, చేతులు కడిగించి, మరుగుదొడ్డి నీళ్లలో నీలం రంగు కలిపి, కుళాయిలు కట్టేసి లోపలికి పంపుతారు. 45 మిల్లీలీటర్లు కావాలి. తెచ్చిచ్చిన నాలుగు నిమిషాల్లో సీసా వేడి 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే బయటి నుంచి తెచ్చిన మూత్రమని అనుమానం. అయితే ఈ చిట్కా చలిదేశంలో పనిచేసినంత బాగా మన ఎండల్లో పనిచేయదు. ఇక్కడ మే నెలలో జేబులో పెట్టుకున్న సీసా కూడా 36 డిగ్రీలే ఉంటుంది, కాబట్టి తనిఖీ మీదే ఎక్కువ ఆధారపడాలి. 30, 15 మిల్లీలీటర్లుగా రెండు సీసాల్లో పోసి, ఇచ్చినవాడి కళ్లెదుటే సీలువేసి, సంతకం పెట్టిస్తారు. మొదటి సీసా ఫలితాన్ని ఒప్పుకోనివాడు రెండోదాన్ని వేరే ల్యాబుకు పంపమనవచ్చు. రాకపోతే మూడు గంటల్లో లీటరుంబావు లోపు నీళ్లివ్వాలి, మించకూడదు. బకెట్ల కొద్దీ నీళ్లు తాగితే మూత్రం పలచబడుతుంది, అందులో సహజంగా ఉండే క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కిందికి పడి ఆ ఎత్తు బయటపడుతుంది. అమెరికా విమానాలను బాగుచేసే విదేశీ వర్క్‌షాపుల సిబ్బందికీ మద్యం, మత్తు పరీక్షలు జరగాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2024 డిసెంబరులో నియమం తెచ్చింది. అలాంటి ఉద్యోగాలకు పోయే చిత్తూరు, తిరుపతి కుర్రాళ్లైన మెకానిక్‌లు ఈ పద్ధతిని ముందే తెలుసుకోవడం మంచిది.

గసగసాల సంగతి వేరే చెప్పాలి. నాటుకోడి పులుసులో గసగసాలు, కొబ్బరి నూరి వేయడం రాయలసీమ వంటింట్లో మామూలు. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క కాయల నుంచే, గింజ పైన మార్ఫిన్ అంటుకుని ఉంటుంది. చాలా స్ట్రిప్‌లు మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల దగ్గర స్పందిస్తాయి. గసగసాలు దండిగా తిన్నవాడు ఆ గీత దాటగలడు. అమెరికాలో ఇదే కారణంగా 1998లో ఈ హద్దును 300 నుంచి 2000కు పెంచారు. హెరాయిన్ వాడినవాడి మూత్రంలో 6-ఎసిటైల్‌మార్ఫిన్ అనేది కనబడుతుంది, పులుసు తిన్నవాడి మూత్రంలో అది ఎన్నటికీ రాదు. గింజలను కడిగి వేడిచేస్తే మార్ఫిన్ చాలావరకు పోతుంది. నాన్-నెగటివ్ వచ్చినవాడు ముందు రోజు ఏం తిన్నదీ కాగితం మీద రాయించడం మేలు. భాంగ్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి నిర్వచనంలో ఉత్త ఆకు లేదు కాబట్టి తప్పేముందనుకుంటారు. మూత్రంలో గంజాయికీ ఆకుకూ తేడా తెలియదు, రెండింటిలోనూ ఉన్న మత్తు పదార్థం టీహెచ్‌సీనే.

నిజంగా ఎక్కువమందిని ఇరికించగలిగేది ఇవేవీ కావు, నిద్రమాత్ర. ఒక వారం రాత్రి డ్యూటీ, మరో వారం పగటి డ్యూటీ చేసేవాడికి నిద్ర పట్టదు. ఇంట్లో పెద్దవాళ్లకు రాసిన ఆల్‌ప్రజోలామ్‌లో సగం విరిచి వేసుకుంటాడు. అదీ బెంజోడయాజెపినే. డాక్టరు చీటీ తన పేరున లేదు, చెప్పుకోవడానికి ఏమీ లేదు. మర్నాటి మందకొడితనం కూడా నిజమే, అది మద్యం లాంటిదే. కోడీన్ ఉన్న దగ్గు సిరప్ ఓపియేట్లలో తేలుతుంది. ఏ మాత్ర అయినా కంపెనీ డాక్టరుకు ముందు చెబితే అది వైద్య విషయం, పరీక్ష తర్వాత చెబితే సాకు.

ప్రమాదం జరిగాక తీసే రక్తం విషయంలో ఆసుపత్రుల్లో ఒక చిన్న తప్పు దొర్లుతూ ఉంటుంది. నర్సు అలవాటు ప్రకారం చేతిని స్పిరిటు దూదితో తుడిచి సూది గుచ్చుతుంది. స్పిరిటు అంటే మద్యమే. ఆ తడి సూదితో పోయిందేమోనన్న ఒక్క ప్రశ్న చాలు, నివేదిక మొత్తం వీగిపోవడానికి. పోవిడోన్ అయొడిన్‌తో గానీ సబ్బు నీళ్లతో గానీ తుడిచి, ఆరాక గుచ్చాలి. రక్తాన్ని బూడిదరంగు మూత ఉన్న, సోడియం ఫ్లోరైడు వేసిన గొట్టంలో పట్టాలి. మామూలు గొట్టంలో పట్టి, ఫ్రిజ్ లేని గదిలో రాత్రంతా ఉంచితే రక్తంలోని చక్కెరను సూక్ష్మజీవులు పులియబెట్టి మద్యంగా మార్చగలవు. చుక్క ముట్టని మనిషి నివేదికలోనూ అప్పుడు మద్యం కనబడుతుంది.